నడిమి తలకాయను ఎవరు లేపారు?

పుస్తకం ఇంటికి వచ్చిన రోజు దాన్ని నేను మొదటి పేజీ నుంచి చదవలేదు. నడుమకు తెరిచాను. పసుపు మార్కెట్ యార్డులో పెరిగినవాడి అలవాటు అది. బస్తా మూతి దగ్గర బంగారంలాంటి కొమ్ములు పోసి, అడుగున పచ్చివీ పుచ్చువీ నింపే మహానుభావులు మా ఆర్మూరు చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అందుకని మోచేతి దాకా చేయి దించి, నడుమ నుంచి పిడికెడు తీసి చూడనిదే మేము దేన్నీ నమ్మం. పెళ్లి సంబంధాలకు పోయినా అంతే. ముందు గదిలో కూర్చున్నవాళ్ల మర్యాదలు చూడం, వంటింట్లో నుంచి వచ్చే గొంతులు వింటాం. మా లింబాద్రి మామ ఆఖరి నవల ‘గుమ్మడాసురుని రాజీనామా’ నా చేతికి వచ్చినప్పుడు, అట్ట మీది మామ ఫొటోకు ఒక దండం పెట్టి, సరిగ్గా నడుమకు చేయి దించాను. దించగానే పచ్చి సరుకులా తేమ తగిలింది.

మామ పోయింది నిరుడు వానాకాలంలో. అంతకు ముందే కొన్నేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది, మాట పడిపోయింది. మూడు లోకాలనూ మాటలతో ఆడించిన మనిషి ‘ఊ’ అని మాత్రం అనేవాడు. మంచినీళ్లు అడగడం, కోపగించడం, నన్ను వెక్కిరించడం, అన్నీ ఆ ఒక్క ఊలోనే ఇరికించేవాడు. అలాంటి మనిషి ఇంత లావు నవల ఎప్పుడు రాశాడు? ఏ చేత్తో రాశాడు? ఈ ప్రశ్న నాకొక్కడికే రాలేదు. ముసలాయన రాసింది కాదట, ఫోనే రాసిందట, ఈ రోజుల్లో అడిగితే ఫోను నవల కూడా రాసిస్తుందట అని జనం ఆ ఫోన్లలోనే రాసుకుంటున్నారు. ఆ గోల పెరిగాక, పుస్తకం వేసిన ప్రశాంత్ అనే కుర్రాడు నాకు ఫోన్ చేశాడు.

“అంకుల్, యార్డుల రిలీజ్ ఫంక్షన్ పెట్టినం. మీరొచ్చి మాట్లాడాలె. గిది ఆయన రాసిందే అని మీ నోటితోని రెండు ముక్కలు చెప్తె సాలు, అందరి నోళ్లు మూతవడ్తయ్.”

“నా నోరే ఎందుకు తమ్మీ? ఊళ్లె పండ్లున్న నోళ్లు మస్తుగున్నయ్ గద.”

“ఆ కాలంల ఆయన సదువుతుంటె విన్నోళ్లల్ల మీరొక్కరే మిగిలిన్రు కద అంకుల్.”

“మిగిలిన్రు అనకు. దావత్‌ల అడుగంటిన కూర లెక్క ఇనవడ్తది.”

నవ్వాడు గానీ వదల్లేదు. వస్తానన్నాను. చెప్పబోయేది ఏమిటో మాత్రం నాకు తెలియదు. అది మామది కాకపోతే, చచ్చిపోయిన మనిషి సంచీలో ఎవరో తమ సరుకు పోసి అమ్ముతున్నట్టు. దానికి నేను ముద్ర వేయాలి. ఒకవేళ అది మామదే అయి, నేను నోరు మెదపకపోతే, ఆయన ఆఖరి పుస్తకాన్ని దొంగ సరుకని చెత్తలో పారేసిన పుణ్యం నాదే అవుతుంది.

మా మామ ఇంటికి నేను చదువు ఎగ్గొట్టి వచ్చాను. ఏడో తరగతిలో లెక్కల సారు అడిగినదానికి క్లాసంతా పడి పడి నవ్వేలా జవాబు చెప్పాను. నవ్వినవాళ్లు పాసయ్యారు, నేను ఇంటికొచ్చాను. ‘నీ నవ్వులకు మా తమ్ముడే సరైనోడు’ అని మా అమ్మ నన్ను బాల్కొండ నుంచి వచ్చే బస్సెక్కించి ఆర్మూరుకు తోలింది. మామ అప్పటికి మీసాలున్న పసిపిల్లవాడు. చెప్పులు ఎప్పుడూ ఎడమది కుడికి, కుడిది ఎడమకు తొడిగేవాడు. స్నానం చేస్తూ లోపల ఎవరితోనో కొట్లాడేవాడు. నీళ్లు పోసుకునే చప్పుడు ఆగిపోయి, ‘అట్లెట్లంటవ్ రా రాక్షసుడా’ అని కేకలు వినిపిస్తే, వారపత్రికకు ఇవ్వాల్సిన భాగం తయారవుతోందని మాకు అర్థమయ్యేది. తిన్నాడో లేదో ఆయనకు గుర్తుండేది కాదు. జొన్నరొట్టె చేతిలో పట్టుకునే, రొట్టెలు కాలలేదా అని అడిగిన రోజులున్నాయి. ఎదుటివాళ్లు తిన్నారా అన్న మాటైతే ఆయన నోట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

ఆయన పుస్తకాలు తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. పసుపు చేల కింద, దుంపలకు ఇంకా అడుగున, దుంపలోకం అని ఒకటుంటుంది. దాని రాజు గుమ్మడాసురుడు. అతనికి మూడు తలలు. కుడి తల నిజమే చెప్తుంది, ఎడమ తల అబద్ధమే చెప్తుంది, రెండూ జీవితమంతా కొట్లాడుకుంటాయి. నడిమి తల మాత్రం నిద్రపోతూ ఉంటుంది. యమభటులు పాపాలను బస్తాల్లో నింపుకొని మన యార్డుకు అమ్మకానికి తెస్తే, కమీషను మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి సేటు చేయి పెట్టి చూసి ‘తేమ ఉన్నది’ అని తరుగు తీసే కథ చదివి నవ్వలేక చచ్చిన ఊరు మాది. దుబాయికి పోయేవాళ్లు పచ్చడి సీసా పక్కన మామ పుస్తకం పెట్టుకుని పోయేవారు. ఎండలో ఒళ్లు మండి గదికి వచ్చి, ఇద్దరు ముగ్గురు కలిసి పైకి చదువుకునేవారట. నడిమి తలకాయ లేస్తే ఏం చెప్తుందని అందరూ అడిగేవారు. ‘అది లేవది. లేస్తే కథ అయిపోయినట్టే’ అనేవాడు మామ.

రాసినదాన్ని ఆయన మొదట పత్రికకు పంపేవాడు కాదు, పసుపు ఉడికేచోటికి తెచ్చేవాడు. చలి విరిగే రోజుల్లో తవ్విన పసుపును చేను గట్టునే పెద్ద ఇనుప కడాయిలో పోసి, పైన పసుపాకు కప్పి, గోనెపట్టా పరిచి ఉడకబెట్టేవాళ్లం. నురుగు పొంగి, ఆవిరి ఘాటుగా ముక్కుకు తగిలి, పుల్ల గుచ్చితే మెత్తగా దిగేదాకా అందరూ అక్కడే ఉండాలి. చేతులకు పని లేని, మనుషులు కదలలేని ఆ సమయం మామకు కావాలి. మొద్దు మీద కూర్చుని చదివేవాడు. నవ్వులు వస్తే కాగితాలు జేబులోకి పోయేవి, రాకపోతే పొయ్యిలోకి. ‘నవ్వియ్యని కాగితం కట్టెకన్న మంచిగ మండుతది’ అని తనే దోపేవాడు. నవ్వులకు తరాజు నేను. నా నవ్వు గట్టిది, గట్టు అవతలి ఎద్దులు కూడా తల తిప్పేవి. ‘పోశెట్టి నవ్విండా లేదా?’ అదొక్కటే ఆయన చూసేది. మా లసుమవ్వ అత్త మాత్రం నవ్వేది కాదు. పొగకు దూరంగా, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి తంబాకు పోసి బీడీలు చుడుతూ, తల వంచుకుని ఉండేది. నిప్పు తగ్గితే ‘కట్టె ఎగదొయ్‌రా పోశిగా’ అనేది, అంతే. మామ మాటలకు ఆర్మూరంతా నవ్వుతుంటే కట్టుకున్న మనిషికి నవ్వు రాదేమిటని మేమంతా వెనక జాలిపడేవాళ్లం. మామ మీద, ఆమె మీద కాదు.

ఇప్పుడు ఆ కడాయిలు లేవు. ట్రాక్టరుకు తగిలించిన ఆవిరి డ్రమ్ములు వచ్చాయి, టీ తాగి వచ్చేలోపు పసుపు ఉడికిపోతుంది. కూర్చుని వినే తీరిక ఆవిరితో పాటే పోయింది. నవ్వడం కూడా సులువైంది. ఫోన్లో పగలబడి నవ్వే పచ్చటి మొహాలు వరుసగా పంపిస్తారు, పంపేవాడి మొహం చూస్తే పన్ను పీకించుకోవడానికి కూర్చున్నట్టు ఉంటుంది. ఆనాటి నవ్వు కొలతకు దొరికేది. ఈనాటిదాన్ని ఎక్కడ చేయి పెట్టి చూడాలో నాకు తెలియదు.

ఇక నాకు తగిలిన తేమ. కొత్త నవల నడుమ గుమ్మడాసురుడు రాజ్యం వదిలేస్తానంటాడు. దేవతలు, రాక్షసులు, అడ్తి సేట్లు, అందరూ చుట్టూ చేరతారు. ఆ గోలకు నడిమి తలకాయ మొట్టమొదటిసారి కళ్లు తెరుస్తుంది. సృష్టి రహస్యం చెప్తుందేమోనని బ్రహ్మదేవుడు కూడా చెవి దగ్గర చేయి పెట్టుకుంటాడు. అది అందరినీ ఒకసారి చూసి, ఆవలించి, ‘అందరు తిన్నరా?’ అంటుంది. నేను నవ్వాను. పక్కింటివాళ్లు కిటికీ తీసేంత నవ్వాను. ఆ తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. తుడుచుకుంటుండగానే అనుమానం పడింది. ఈ మాట మామది కాదు. మూడు లోకాలు కల్పించగలడు గానీ, ఈ ఒక్క మాట ఆయనకు జన్మలో తట్టదు.

మొదట ప్రశాంత్‌ను అనుమానించాను. కానీ ఆ పిల్లవాడు ఫోన్లో నా జోకులకు రెండు క్షణాలు ఆలస్యంగా నవ్వుతాడు, అతని వల్ల కాదు. తర్వాత ఫోనును అనుమానించి, మనవడి చేత దానికి ఒక రాక్షసుడి కథ చెప్పమన్నాను. ఆ రాక్షసుడు చివరికి పశ్చాత్తాపపడి మొక్కలు నాటాడు. ఫోను కూడా నిర్దోషే. ఇక మిగిలింది మామ ఇల్లు. చూసి వద్దామని బయలుదేరాను.

ఆర్మూరు గుట్ట రాళ్లు కనిపించే ఆ సందులో గుమ్మం ముందు నిలబడి, ఏమని మొదలుపెట్టాలా అనుకుంటుండగానే లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది.

“లోపటికి రా పోశెట్టి. అనుమానమంత మొఖం మీద పూసుకొని వాకిట్ల నిలవడితె కోళ్లు బెదురుతున్నయ్.”

“అనుమానమేం లేదత్తా. నీ తబియత్ ఎట్లున్నదో సూద్దామని.”

“నా తబియత్ సూడనీకి సంకల పుస్తకం వెట్టుకొని వచ్చినవా?”

కళ్లు ఆనక బీడీలు మానేసింది గానీ చాట మానలేదు. ఒళ్లో పెట్టుకుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. ఆమె కూతురి కూతురు శ్రావ్య, డిగ్రీ చదువుతున్న పిల్ల, పక్కన ఫోను పట్టుకుని కూర్చుంది. నేను ఇక ఆగలేదు.

“అత్తా, గీ పుస్తకం ఎవలు రాసిన్రు?”

“అట్ట మీద ఎవల పేరున్నది?”

“మామది.”

“సదువొస్తది గద మరి. ఏడో తరగతి దాక వోయినవ్.”

“ఏ చేత్తోని రాసిండని అడుగుతున్న.”

శ్రావ్య ఉండబట్టలేకపోయింది. “పెద్దబాపూ, ఫోన్ రాసిందని అందరంటున్నరు, మస్తు కోపమొస్తుంది నాకు. ఒక్క ముక్క నేను కలపలే. అమ్మమ్మ చెప్పుడు, నేను టైప్ కొట్టుడు, గంతే.”

అత్త ఆ పిల్ల వైపు చూసిన చూపుకు పప్పులో రాళ్లు కూడా భయపడి ఉంటాయి. నాకు మాత్రం బస్తా అడుగు చేతికి అందినట్టయింది.

“చెప్పుడు! అంటె నువ్వు చెప్పినవా అత్తా?”

“చెప్పిన. అయితేంది? నా కథలు చెప్పలే. మీ మామయే చెప్పిన. పొయ్యిల వెట్టినయన్ని.”

“కాలిపోయినయ్ నీకెట్ల యాదున్నయ్?”

“కాలింది కాయితం. చేతులకు బీడీల పనుండె, చెవులకు పనేముండె? మీరంత నవ్వేటోళ్లు. నవ్వేటోనికి సగం ఇనవడది. నేను నవ్వితె చాటల తంబాకు లేచి ముక్కులకు వోతది. ఇగ తుమ్ములే తుమ్ములు, ఆ దినం కట్టలు తక్కువవడ్తె కార్ఖానల మాటలు వడాలె. అందుకే నోరు బిగవట్టుకొని విన్న. విన్నది ఏడికి వోతది?”

ఇన్నేళ్లు మేము పడిన జాలి అంతా ఎక్కడ పెట్టుకోవాలో నాకు అర్థం కాలేదు. అయినా ఓడిపోవడం మా వంశంలో లేదు.

“గంత మంచిగున్న కథలు మామ ఎందుకు కాలవెట్టిండు మరి?”

“నువ్వు నవ్వలేదని.”

“నేనా?”

“ఆ ఏడు నీ మొఖం గుమ్మడికాయ లెక్క ఉబ్బి ఉండె. కడాయి కాడ కూసొని మూల్గుడే మూల్గుడు.”

“అది పన్ను నొప్పి అత్తా!”

“నాకెరుక లేదా? లవంగం నూరి వెట్టింది నేనే. వానికి పన్ను నొప్పి లేస్తుందయ్యా, నీ కథల ఐబేం లేదు అని మీ మామకు చెప్పిన. ఇన్నడా? పోశిగాడు నవ్వలె, కథ పచ్చిగున్నది అన్నడు. దోపిండు.”

శ్రావ్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నా పన్ను ఒకటి ఆర్మూరు సాహిత్యానికి ఇంత చేటు చేసిందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే దవాఖానకు ఆ రోజే పోయేవాణ్ణి. సర్దుకుని అసలు ప్రశ్నకు వచ్చాను.

“మరి నడిమి తలకాయ? అది లేచుడు గూడ మామే చెప్పిండా?”

అత్త ఒక రాయి ఏరి, వెలుతురుకు పెట్టి చూసి, పక్కన పడేసింది.

“అందరు తిన్నరా అని మామ ఎవ్వల్ని అడగలే అత్తా. నన్ను అడిగింది నువ్వు. యార్డుల నుంచి ఎవలొచ్చినా అడిగింది నువ్వు.”

“అడిగిన. అన్నం వండినోళ్లే అడుగుతరు.”

“అంటె గా ముక్క నీదే.”

“నువ్వు గాడ నవ్వినవా?”

“నవ్విన.”

“ఇగ మళ్ల పొయ్యిల ఎందుకు వెడుతవ్?”

నేను మరో దారి పట్టాను. “అయితె అట్ట మీద నీ పేరు గూడ ఏపిద్దాం. ప్రశాంత్‌కు నేను చెప్త.”

“బూడిద ఎత్తినోళ్ల పేరు ఎవలన్న ఏస్తరా?” అంది అత్త. తర్వాత చాట పక్కన పెట్టింది. నేను ఆ ఇంట్లో ఉన్నన్ని రోజుల్లో ఆమె చాట పక్కన పెట్టి నాతో మాట్లాడడం నాకు గుర్తులేదు. “ఇగో పోశెట్టి. నా మాటలు ఆయన తీస్కపోయి కథలల్ల వెట్టుకున్నడు, నేను అడగలే. ఇప్పుడు ఆయన పేరు నేను తీస్కున్న. చెల్లుకు చెల్లు. గిందుల నీకేం నొప్పి? పన్నా?”



“నీ మాటలు తీస్కపోయిండా? ఏ కథలల్ల?”

“నేనేమన్న?”

“గిప్పుడే అన్నవ్ గద.”

“నాకు యాది లేదు. ముసలిదాన్ని. కూసో, తిని వో.”

తిన్నాను. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ పంటి కింద పడుతుంటే, ఆమె అటూ ఇటూ తిరుగుతూ అంటున్న ఒక్కొక్క మాటనూ దొంగలా పోగేసుకుంటూ తిన్నాను. కోడి వంటింట్లోకి వస్తే ‘రావమ్మా మాలచ్చిమి, వంట నువ్వే చెయ్యి, గుడ్డు నేను వెడ్త’ అంది. కుక్కర్ కూత పెడితే ‘ఇన్న ఇన్న, నాకేం చెవుడు లేదు’ అని దానికి జవాబిచ్చింది. శ్రావ్య ఫోనులోంచి తల ఎత్తలేదు, ఆ పిల్లకు అది రోజూ వినే చప్పుడు. నాకూ అప్పట్లో అంతే. బావిలో నీళ్లలా ఎప్పుడూ ఉండేది కాబట్టి, ఎవరూ చేద వేసి చూడలేదు. చేద వేసింది మామ ఒక్కడే.

ఇంటికి వచ్చి మామ పాత పుస్తకాలన్నీ దించాను. అనుమానం ఉన్నది ఆఖరిదాని మీద కదా, ఆఖరిది పక్కన పెట్టాను. మొదటివాటిలో చేయి పెట్టడం మొదలుపెట్టాను. యమభటుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి ‘కాళ్లు కడుక్కొని రా, పానం తర్వాత తీస్తువు’ అనే ముసలమ్మ ఎవరు? దేవేంద్రుడి వజ్రాయుధాన్ని రొట్టెల పెనం మీదికి పట్టకారుగా అడిగింది ఎవరు? ఆ వయసులో ఎక్కడెక్కడ గట్టు దద్దరిల్లేలా నవ్వానో అక్కడక్కడ ఆగి చూస్తే, కొన్నిచోట్ల మామ స్నానాల గది వినిపించింది, కొన్నిచోట్ల వంటిల్లు వినిపించింది. ఏది ఏదో తేల్చలేకపోయాను. నా యవ్వనమంతా ఒక మనిషి మాటలకు నవ్వాననుకున్నాను. ఆ మాటలు అన్న మనిషి నాలుగడుగుల దూరంలో, పొగకు అవతల, తల వంచుకుని కూర్చుని ఉండగా ఆమెకు నవ్వు రాదని మామ మీద జాలిపడ్డామేమో. నిజంగా అలా జరిగిందని కూడా చెప్పలేను. ఆమె ఒప్పుకోలేదు, మామ ‘ఊ’ అనడానికి కూడా లేడు.

ఫంక్షన్ రోజు యార్డు షెడ్డు కింద కుర్చీలు వేశారు. పసుపు బస్తాల మధ్య కొంచెం జాగా చేసి బల్ల పెట్టారు. వచ్చినవాళ్లలో సగం మంది పుస్తకం కొనడానికి, సగం మంది గొడవ చూడడానికి వచ్చినట్టున్నారు. అత్త ముందు వరుసలో కూర్చుని, కొంగు భుజం మీదుగా లాగుకుని, ఎక్కడో వెనక ఉన్న గోడను చూస్తోంది. నా వంతు వచ్చింది. వెనక నుంచి ఎవడో ‘ఫోన్ రాసిందా పెద్దమనిషి రాసిండా, సీదా చెప్పవయ్యా’ అని అరిచాడు.

“సీదనే చెప్త,” అన్నాను. “గీ నవల మా లింబాద్రి మామ ఇంట్ల పుట్టింది. ముందటి పుస్తకాలు ఏ ఇంట్ల పుట్టినయో, గిది గూడ గా ఇంట్లనే, గా పొయ్యి కాడనే పుట్టింది. గా ఇంటి బువ్వ తిన్నోణ్ణి, నేను సాక్షి. అవి మామయి అయితె గిది గూడ మామదే. గిది కాదంటె, అవి ఎవలయో నాకు మీరు చెప్పాలె.”

చప్పట్లు కొట్టారు. అరిచినవాడు కూడా కొట్టాడు. ప్రశాంత్ నా చేయి పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క గింజ లేదు. నిజం ఎంత ఉందో నాకే తెలియదు.

జనం పుస్తకాల మీద పడ్డాక, అత్తను బయట ఆటో దాకా తీసుకుపోయాను. శ్రావ్య ముందే ఎక్కి కూర్చుంది.

“మంచిగ మాట్లాడినవ్,” అంది అత్త. “నీళ్లల్ల నిలవడి కాళ్లు తడవకుంట వచ్చినవ్.”

“అత్తా, ఒక్కటే అడుగుత. ఇగ జన్మల అడగ. గుమ్మడాసురుడు అన్న పేరు ఎవలు వెట్టిన్రు?”

ఆమె ఆటో లోపలికి జరిగి, కొంగు సర్దుకుని, నన్ను కాక డ్రైవరును చూసింది.

“నడువు బిడ్డా,” అంది. “ఈనికి జవాబు చెప్పుకుంట కూసుంటె, రేపటి పొద్దు గూడ మొఖం కడుక్కోకుంట వాపస్ వోతది.”

ఆటో కదిలి, బస్తాలు దించుతున్న లారీని తప్పించుకుని, రోడ్డెక్కింది. ఆ మాట నేను మామ పాత పుస్తకాల్లో ఎక్కడో చదివాను.